ఇవాళ ఎగరం



చిన్న విమానం అనగానే మన తెలుగువాళ్లలో చాలామందికి ముందు ఒక తారీఖు గుర్తొస్తుంది. 2004 ఏప్రిల్ 17. ఆ రోజు పొద్దున సినీనటి సౌందర్య కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికని బెంగళూరు శివారులోని జక్కూరు నుంచి ఒక సెస్నా 180 విమానంలో బయల్దేరారు. ఒకటే ఇంజిను, ఒకటే పంకా ఉన్న విమానం. నేల వదిలిన కాసేపటికే పక్కనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో అది కూలిపోయింది. ఆమె, ఆమె సోదరుడు, పైలటు, వెంట ఉన్న మరొకాయన, నలుగురూ పోయారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ వార్త మన ఇళ్లలో ఇంకా పాతబడలేదు. నేను చిన్న విమానాలు నడుపుతానని ఏ పెళ్లిలోనో తెలిస్తే చాలు, పక్కన కూచున్న పెద్దావిడ, "అయ్యో నాయనా, సౌందర్య పోయింది అలాంటిదాంట్లోనేగా!" అంటుంది. అవునమ్మా, అలాంటిదాంట్లోనే అంటాను. ఇంకేమనాలి?

ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో ఇక్కడ కూచుని ఊహాగానాలు చెయ్యను. కానీ ఆ పెద్దావిడ భయం వట్టిది మాత్రం కాదు. పెద్ద విమానం ఎక్కేటప్పుడు ధైర్యం చెప్పడానికి ఒక మాట వాడతారు చూశారూ, విమానం కన్నా ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోడ్డే ప్రమాదమని. ఆ మాట చిన్న విమానానికి చెల్లదు. ఇలాంటి విమానాలు అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే దేశం అమెరికా. అక్కడ ప్రతి లక్ష గంటల ఎగురుడుకు సుమారుగా ఒక ప్రాణాంతక ప్రమాదం నమోదవుతుంది. ఎయిర్‌లైన్ల లెక్క దీనికి దరిదాపుల్లో ఉండదు. మన దగ్గరా దుఃఖాలు తక్కువేమీ లేవు. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో ఇద్దరు శిక్షణ పైలట్లు పోయారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థి, ఒక యువతి, పోయింది. ఈ లెక్కలన్నీ తెలిసే మళ్లీ పొద్దున్నే హ్యాంగర్ తలుపు తీస్తాం.

ఎందుకు తీస్తామో ముందు చెప్తాను. ఆనందం సంగతి తెలియకుండా ప్రమాదం సంగతి మాట్లాడితే, మేమంతా ప్రాణం మీద తీపి లేని మనుషులమనుకుంటారు.

మన దగ్గర శిక్షణకు ఎక్కువగా వాడే వాటిలో సెస్నా 152 ఒకటి. రెండే సీట్లు, పక్కపక్కన. భుజాలు ఆనుకుంటాయి. 110 హార్స్‌పవర్ ఇంజిను. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి దాని గరిష్ఠ బరువు 757 కిలోలు. ఒక మామూలు కారు ఖాళీగా ఉన్నా అంతకన్నా బరువుంటుంది. కిటికీ రెక్క తెరుచుకుంటుంది. ఈ మాట నమ్మనివాళ్లున్నారు గాని, నిజంగానే గాల్లో కిటికీ తెరవచ్చు. వరికొయ్యలు కాల్చే రోజుల్లో ఆ పొగ వాసన లోపలికొస్తుంది.

వానాకాలం వెళ్లి చెరువులు నిండిన రోజుల్లో, పొద్దున్నే, హైదరాబాద్‌కు దక్షిణాన నాదర్‌గుల్ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లామనుకోండి. నేలకు రెండువేల అడుగుల పైన. కింద నుంచి చూసినప్పుడు చెరువంటే మనకు ఒక కట్ట, కట్ట మీద ఒక మైసమ్మ గుడి, అవతల నీళ్లు. అంతే కదా? పైనుంచి చూస్తే ఆ చెరువు ఒంటరిది కాదని తెలుస్తుంది. దాని అలుగు దగ్గర మొదలైన వాగు కింది ఊరి చెరువులోకి పోతుంది. అక్కణ్ణుంచి మరో వాగు, మరో చెరువు. ప్రతి కట్ట కిందా తూము మొదలైన చోటి నుంచి ఆయకట్టు పచ్చగా విసనకర్ర ఆకారంలో విచ్చుకుని ఉంటుంది. గొలుసుకట్టు చెరువులని బడిలో చదువుకున్నాం, ఉపన్యాసాల్లో విన్నాం. ఆ గొలుసు కంటికి కనబడేది ఇక్కడే. వందల ఏళ్ల కిందట నేలమీద నిలబడి, కేవలం వాలు చూసుకుని దీన్ని కట్టినవాళ్లకు ఈ దృశ్యం ఎప్పుడూ దక్కలేదు. ఎక్కడ వాగు పూడ్చి ప్లాట్లు వేశారో కూడా ఇక్కణ్ణుంచి స్పష్టంగా కనిపిస్తుంది. అది ఆనందం కిందికి రాదనుకోండి.

పెద్ద విమానంలో ముప్ఫైవేల అడుగుల మీద మనకిది కనపడదు. అక్కడ మనం సరుకులం. చిన్న విమానంలో ఊరు ఊరుగానే కనబడే ఎత్తులో ఉంటాం, పైగా ఎటు తిరగాలో మన చెయ్యే చెప్తుంది. ఎడమ చెయ్యి కంట్రోలు మీద, కుడి చెయ్యి ఇంజిను జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ మీద, కాళ్లు రడ్డర్ను, అంటే తోక చుక్కానిని, తిప్పే పెడళ్ల మీద. చెయ్యి కొంచెం నెడితే దిగంతం కొంచెం పైకి లేస్తుంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున ఇన్‌స్ట్రక్టర్ ఉన్నట్టుండి బెల్టు విప్పుకుని, "ఒక్క సర్క్యూట్ కొట్టి రా," అని, అంటే ఎయిర్‌ఫీల్డు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి రమ్మని, దిగిపోతాడు. ముందుగా చెప్పడు. చెబితే ఆ పిల్లాడికి ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. ఒక మనిషి బరువు తగ్గిందేమో, విమానం అలవాటైన చోటు కన్నా ముందే నేల వదిలేస్తుంది. కుడిపక్క సీటు ఖాళీ. తిట్టేవాడు లేడు, పట్టుకునేవాడూ లేడు. దిగి వచ్చాక తోటివాళ్లు బకెట్ నీళ్లు గుమ్మరిస్తారు. ఆ తర్వాత పెద్ద జెట్ విమానాలు నడిపినవాళ్లు కూడా, మీ జీవితంలో బాగా గుర్తున్న ఫ్లైట్ ఏదంటే, ఆ ఒక్క సర్క్యూటే చెప్తారు.

సరే, ప్రమాదం సంగతికి వద్దాం.

ఎగరడానికి ముందు విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ ఉంటుంది. చెక్‌లిస్టు చేతిలో పట్టుకుని రెక్కలు, తోక, టైర్లు, ఆయిలు, పంకా అంచులు, అన్నీ తడిమి చూడాలి. ఇందులో ఒక ముఖ్యమైన పని పెట్రోలు నమూనా తియ్యడం. రెక్క కిందున్న చిన్న వాల్వుకు ఒక పారదర్శకమైన గొట్టాన్ని ఆనించి నొక్కితే కాస్త పెట్రోలు అందులోకి దిగుతుంది. ఈ ఇంజిన్లకు వాడే విమానాల పెట్రోలుకు నీలిరంగు వేస్తారు. రాత్రి చల్లదనానికి ట్యాంకులో తేమ చేరితే, ఆ నీళ్లు బరువు కనక గొట్టం అడుగున విడిగా నిలబడతాయి. కుర్రవాళ్లు గొట్టం పైకెత్తి, అడుగున గీత కనబడకపోతే బాగుందని పారబోస్తారు. మా హ్యాంగర్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, మెకానిక్కు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడికి ఆయన ఒక గొట్టం చూపించి, "ఏమన్న ఉన్నదా సారూ?" అని అడిగాడు. కుర్రాడు ఎండలోకి ఎత్తి చూసి, ఏమీ లేదు, శుభ్రంగా ఉందన్నాడు. "అంత నీళ్లే సారూ అది. అంత నీళ్లయినంక గీత యాడికెళ్లి కనబడ్తది? గీత గాదు, రంగు సూడాలె." గొట్టం నిండా మంచినీళ్లు పోసి ఇచ్చాడాయన. ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నా రంగు చూడకుండా ఇంజిను వెయ్యడని నా నమ్మకం.

ఇంజిను వేశాక మాగ్నెటోల పరీక్ష. ఈ ఇంజిన్లలో ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులుంటాయి, వాటికి నిప్పురవ్వ పంపడానికి రెండు మాగ్నెటోలు విడివిడిగా ఉంటాయి. ఒకటి పోయినా ఇంకొకటి లాక్కొస్తుంది. బయల్దేరేముందు ఒకదాన్ని ఆపి రెండోది సరిగా పనిచేస్తోందా అని చూస్తాం, తర్వాత రెండోదాన్ని ఆపి మొదటిది చూస్తాం. ప్లగ్గుల మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ చెప్పాలి. 1929లో ఆగాఖాన్ ఒక బహుమతి ప్రకటించారు. ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా విమానం నడిపే మొదటి భారతీయుడికి 500 పౌన్లు. 1930లో కరాచీ నుంచి జె.ఆర్.డి. టాటా బయల్దేరారు. ఇండియాలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న అందుకున్నది ఆయనే. అటు ఇంగ్లండు నుంచి ఆస్పీ ఇంజనీర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు వస్తున్నాడు. ఇద్దరివీ చిన్న మాత్ విమానాలే. ఈజిప్టులో అబూకీర్ దగ్గర టాటా దిగేసరికి, ఆ కుర్రాడు ప్లగ్గులు పాడై, మారు ప్లగ్గులు లేక ఆగిపోయి ఉన్నాడు. టాటా తన దగ్గరున్న వాటిలోంచి తీసిచ్చారు. పందెంలో ఎదురుగా వస్తున్న ప్రత్యర్థికి! ఆస్పీ ముందు చేరుకున్నాడు, టాటా కొద్ది గంటల తేడాతో బహుమతి పోగొట్టుకున్నారు. ఆస్పీ ఇంజనీర్ తర్వాత 1960లో మన వైమానిక దళానికి అధిపతి అయ్యారు. ఈ కథలో అందరూ టాటా గారి పెద్దమనసును మెచ్చుకుంటారు, మెచ్చుకోవాలి కూడా. నేను ఇంకో సంగతి చూస్తాను. ప్లగ్గులు పాడైతే ఆ కుర్రాడు ఆగిపోయాడు. మూడు సిలిండర్లతో పోదాం, పందెం కదా అనుకోలేదు.

ఇంజిను గాల్లో ఆగిపోతే ఏమవుతుందని అందరూ అడుగుతారు. విమానం అమాంతం పడిపోదు. జారుతుంది. 152కు నేలకు మూడువేల అడుగుల ఎత్తులో ఇంజిను ఆగితే, సుమారు 8 కిలోమీటర్ల దాకా జారుతూ పోవచ్చు. నాలుగైదు నిమిషాల టైముంటుంది. ఆ టైములో పొలం వెతుక్కోవాలి. నీళ్లు పెట్టిన వరిమడి పచ్చగా, మెత్తగా, ఆహ్వానించినట్టే కనబడుతుంది గాని, ముందు చక్రం బురదలో దిగబడితే విమానం తల్లకిందులవుతుంది. కోత అయిపోయిన చేను నయం, గట్లు అడ్డం పడకుండా వాటి పొడవునా దిగితే. అన్నిటికన్నా మోసం కరెంటు తీగలు. పైనుంచి తీగ కనపడదు. స్తంభాల వరస కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే అనుకోవాలి. బోరుబావి మోటారు షెడ్డు కనిపిస్తే దాని దగ్గరికి తీగ ఎటునుంచో వచ్చే ఉంటుంది, అది ఎటునుంచో కనుక్కోవాలి. ఇవన్నీ ఇంజిను బాగా తిరుగుతున్నప్పుడే చూసుకుంటూ పోవడం అలవాటు చేస్తారు. ఊరికే పోతున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ చటుక్కున థ్రాటిల్ వెనక్కి లాగి, "ఇంజిను పోయింది, ఎక్కడ దిగుతావు?" అంటాడు.

మూడువేల అడుగుల్లో టైముంది సరే. మూడువందల అడుగుల్లో? రన్‌వే వదిలి లేస్తుండగా ఇంజిను ఆగితే వెనక్కి తిరిగి అదే రన్‌వే మీద దిగుదామని చెయ్యి లాగుతుంది. తిరగడానికి కావాల్సిన ఎత్తు చేతిలో ఉండదు. ఎదురుగా ఏది ఉంటే అందులోకే, కాస్త అటూ ఇటూ జరిగి, రెక్కలు సమంగా పెట్టి దిగాలి. విమానం విరిగితే విరిగింది. ఈ పాఠం నోటితో వంద మందికి చెప్పొచ్చు, చేతికి ఎక్కించడమే కష్టం.

చేతికి ఎక్కనిది ఇంకొకటుంది, స్టాల్. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి, ముందు అంచును కొంచెం పైకి ఎత్తితే చెయ్యి పైకి లేస్తుంది కదా. మరీ నిలువుగా ఎత్తితే లేవదు, వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్కా అంతే. ఎదురుగాలికి రెక్క చేసే కోణం సుమారు పదిహేను, పదహారు డిగ్రీలు దాటితే గాలి దాని పైభాగాన్ని వదిలేస్తుంది, ఊతం పోతుంది. ఇంజిను బ్రహ్మాండంగా తిరుగుతూనే ఉంటుంది, విమానం మాత్రం కిందికి దిగిపోతుంది. మందు చాలా తేలిక: ముక్కు కిందికి దించాలి. కానీ నేల మీదికొచ్చేస్తుంటే ముక్కు ఇంకా నేల వైపు దించడానికి ఏ మనిషి చెయ్యీ ఒప్పుకోదు, వెనక్కి లాగుతుంది. లాగినకొద్దీ కోణం పెరుగుతుంది. వోల్ఫ్‌గాంగ్ లాంగెవీషే అనే ఆయన 1944లో 'స్టిక్ అండ్ రడ్డర్' అనే పుస్తకం రాశాడు. ఎనభై ఏళ్లయినా పైలట్లు దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. అందులో ఆయన పదేపదే చెప్పేది ఈ కోణం గురించే. విమానాలు మారాయి, చెయ్యి మారలేదు.

ఈ స్టాల్ నాలుగువేల అడుగుల్లో వస్తే ఆటలాంటిది. మేం రోజూ చేయించే పాఠమే. దిగేముందు రన్‌వే వైపు తిరిగే ఆఖరి మలుపులో వస్తేనే అసలు గండం. ఎత్తు సుమారు ఐదువందల అడుగులు. వెనక నుంచి గాలి తోసి, మలుపు రన్‌వే దాటిపోయిందనుకోండి. దాన్ని సరిచెయ్యడానికి రడ్డర్ ఎక్కువ తొక్కి, కంట్రోలు వెనక్కి లాగితే ఒక రెక్క ముందు ఊతం కోల్పోతుంది, విమానం గిర్రున తిరిగిపోతుంది. తేరుకోవడానికి ఐదువందల అడుగులు చాలవు. చెయ్యవలసిందల్లా, ఈసారికి కుదరలేదనుకుని, ఇంజిను పూర్తిగా ఇచ్చి, పైకి లేచి, ఇంకో సర్క్యూట్ కొట్టి రావడం. ఖర్చు ఐదారు నిమిషాలు, కాస్త పెట్రోలు, టవర్లో ఉన్నాయన నవ్వుకుంటాడేమోనన్న చిన్నతనం. ఈ మూడింటిలో మూడోదే ఎక్కువమందిని చంపింది.

నేలకు దగ్గరగా విన్యాసాలు చెయ్యడం కూడా ఇలాంటిదే. 1980 జూన్ 23న ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో సంజయ్ గాంధీ పోయింది పిట్స్ ఎస్-2ఏ అనే విన్యాసాల విమానంలో. పక్కన అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు, ఆయనా పోయారు. ఎత్తు లేని చోట అనుభవం ఎవరికీ అక్కరకు రాదు.

ఇక వాతావరణం. మన హైదరాబాద్ వేసవినే తీసుకోండి. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం వరకు ఆ రన్‌వే దాదాపు 5,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే లెక్క. అంటే హార్సిలీ హిల్స్ కన్నా ఎత్తు. రెక్కకు ఊతం తగ్గుతుంది, పంకాకు పట్టు తగ్గుతుంది, ఇంజినుకు ఊపిరి తగ్గుతుంది. జనవరిలో ఇద్దరితో, నిండు ట్యాంకుతో హాయిగా లేచిన విమానమే మేలో రన్‌వే చివరిదాకా పరిగెత్తి, చెట్ల మీద ఆయాసపడుతూ లేస్తుంది. దీనికీ ఒక పట్టిక ఉంది, పైలట్ పుస్తకంలో. చూసుకుంటే ఐదు నిమిషాల పని. అందుకే వేసవిలో మా పనంతా తెల్లవారి, ఎండ ముదరకముందే.

వేసవి అనగానే వేడి గురించే అనుకుంటాం గాని, మన తీరంలో ఉక్కపోతగా ఉన్న రోజున ఇంజిను లోపల ఐసు కూడా కట్టగలదు. పాతరకం కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. గాల్లో తేమ నిండా ఉంటే, బయట పాతిక డిగ్రీలున్నా లోపల మంచు పేరుకుని గొంతు పూడుతుంది. కొత్తవాళ్లు నమ్మరు. చెమటలు కారుతుంటే ఐసేమిటి సార్ అంటారు. దానికోసం కాక్‌పిట్‌లో ఒక నాబ్ ఉంటుంది. లాగితే వేడిగాలి వెళ్లి ఐసు కరుగుతుంది. కరుగుతున్నంతసేపు ఇంజిను ఇంకా అధ్వాన్నంగా దగ్గుతుంది. భయపడి నాబ్ మళ్లీ లోపలికి తోసేస్తే కథ మొదటికొస్తుంది.

వీటన్నిటికన్నా నేను భయపడేది మబ్బుకు. నల్లటి ఉరుముల మబ్బు, క్యుములోనింబస్ సంగతి కాదు, దాన్ని చూస్తే ఎవరైనా పారిపోతారు. ముందున్న కొండ కనీ కనబడకుండా చేసే పలచటి తెల్లటి మబ్బు, మసక. 1954లో అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు. మీటర్లు చూసి నడపడం రాని ఇరవైమందిని తీసుకుని, బయట ఏమీ కనపడకుండా చేసి, విమానం వాళ్ల చేతికిచ్చారు. ఇరవైమందీ విమానాన్ని అదుపు తప్పించారు. అందరికన్నా ముందు తప్పించినవాడికి 20 సెకన్లు పట్టింది, ఆఖరివాడికి 480 సెకన్లు. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. తమాషా ఏమిటంటే, ఆ కాస్త టైములో మనిషికి అంతా సవ్యంగానే ఉన్నట్టు తోస్తుంది. చెవి లోపలి ద్రవం నెమ్మదిగా మొదలైన మలుపును పట్టుకోలేదు. విమానం పక్కకు ఒరిగి గుండ్రంగా కిందికి దిగుతుంటే, ఒళ్లు మాత్రం తిన్నగా కూచున్నానంటుంది. అదే మనుషులకు, మీటర్లు నమ్మి నెమ్మదిగా వెనక్కి తిరిగే పద్ధతి నేర్పితే దాదాపు ప్రతిసారీ బయటపడ్డారు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు, మొదటి సగం పోస్టర్ల మీద రాసి పెడతారు.

1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ తన భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని పైపర్ సారటోగా విమానంలో మార్తాస్ వినియార్డ్ దీవి వైపు వెళ్తూ సముద్రంలో పడిపోయాడు. విమానంలో ఏ లోపమూ దొరకలేదు. చీకటి, నీళ్ల మీద మసక, దిగంతం కనపడక దిక్కు తెలియని స్థితి, దర్యాప్తు తేల్చింది ఇదే. ఆయనకు ప్రైవేటు లైసెన్సు వచ్చి ఏడాదికి పైనే అయింది. మీటర్ల మీద ఎగిరే అర్హత ఇంకా రాలేదు. మర్నాడు బంధువుల ఇంట్లో పెళ్లి.

ఆ పెళ్లి మాట ఊరికే అనలేదు. చిన్న విమానాల ప్రమాదాల నివేదికలు చదివితే, యంత్రం పేజీల కన్నా ముందు పేజీల్లో ఇలాంటివి దొరుకుతాయి. పెళ్లి, సభ, మీటింగు, సెలవు ఆఖరి రోజు, హోటలు బిల్లు. పెద్ద విమానానికి ఆపరేషన్స్ ఆఫీసుంది, డిస్పాచర్ ఉన్నాడు, ఇద్దరు పైలట్లున్నారు. ఎవడో ఒకడు వద్దంటాడు. చిన్న విమానంలో వద్దనాల్సింది ఒక్కడే, వెళ్దామని ఉబలాటపడేదీ ఆ ఒక్కడే.

యంత్రాలు మెరుగు కాలేదని కాదు. ఇప్పుడు కాక్‌పిట్‌లో తెరల మీద మ్యాపు, కొండలు, వాన అన్నీ కనపడతాయి. సిరస్ కంపెనీ విమానాలకైతే విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంది, లోపల పైకప్పుకున్న పిడి లాగితే చాలు. కానీ 2010లో అమెరికా రవాణా భద్రతా బోర్డు లెక్క తీస్తే, కొత్త తెరలున్న చిన్న విమానాల్లో మొత్తం ప్రమాదాలు తగ్గాయి గాని, ప్రాణాలు పోయే ప్రమాదాల నిష్పత్తి పెరిగింది. ఆ పారాచూట్ ఉన్న విమానాల్లోనూ మొదట్లో చాలామంది పిడి లాగకుండానే పోయారు. ఎప్పుడు లాగాలో నేర్పడం మొదలెట్టాకే ఫలితం కనిపించింది. పరికరం లేకపోతే వద్దనుకునే మబ్బులోకి, అది ఉన్నవాడు ఇంకో మైలు ఎక్కువ వెళ్తాడు, అంతే తేడా.

ఆనందం గురించి ఇంకొక్క మాట చెప్పకపోతే అన్యాయం. 1932 అక్టోబరు 15న టాటా ఒక పుస్ మాత్‌లో టపా మూటతో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకు వచ్చారు. రేడియో లేదు. అక్కణ్ణుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలటు ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1982లో, 78 ఏళ్ల వయసులో టాటా మళ్లీ అదే దారిలో చిన్న లెపర్డ్ మాత్ నడుపుకుంటూ వచ్చారు. సొంతంగా పెద్ద ఎయిర్‌లైన్‌ను నడిపిన మనిషికి ఆ ముసలితనంలో ఆ చిన్న బండి ఎందుకో ఊహించుకోండి. 2021 అక్టోబరులో ఆరోహీ పండిట్ అనే అమ్మాయి ఒక తేలికపాటి విమానంలో భుజ్ నుంచి జుహూకు వచ్చి ఆ ప్రయాణాన్ని మళ్లీ గుర్తుచేసింది. రెండేళ్ల ముందే ఆమె అలాంటి విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటింది. అమ్మాయిల మాటకొస్తే మన హైదరాబాద్‌కు ఒక గొప్ప ఉంది. భారతదేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలటు ప్రేమ్ మాథుర్‌ను ఎన్నో కంపెనీలు కాదంటే, ఉద్యోగమిచ్చింది హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్.

ఇవాళ మన దగ్గర చిన్న విమానం నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది సరదాకు రారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. గంట గంటకూ డబ్బు. ఖమ్మంలోనో, భీమవరంలోనో నాన్న పొలం తాకట్టు పెట్టి ఉంటాడు. "ఇంకెన్ని గంటలు మిగిలాయి రా?" అని రోజూ ఫోన్లో అడుగుతుంటాడు. అడగడంలో తప్పేముంది, ఆయన బాధ ఆయనది. కానీ ఆ ప్రశ్న చెవిలో ఉండగా ఆకాశం వైపు చూసిన కుర్రాడికి మసక కూడా కాస్త పలచగానే కనిపిస్తుంది. ఆ నాన్నలకు నా మనవి. గంటల లెక్క అడగకండి. ఇవాళ ఎగరలేదు నాన్నా, గాలి బాగాలేదు అని చెప్తే, మంచిపని చేశావు, అన్నం తిన్నావా అనండి.

అలాగే ఎన్నికలొస్తాయి, సభలుంటాయి, వ్యాపారాలుంటాయి. చిన్న విమానాల్లో, హెలికాప్టర్లలో తిరిగే పెద్దవాళ్లు ఈ కార్యక్రమం వింటుంటే వాళ్లకూ చెప్తున్నాను. మీ పైలటు వచ్చి, "సార్, ఇవాళ ఎగరం" అంటే, ఎందుకని రెండోసారి అడక్కండి. మొహం చిట్లించకండి. ఫలానా పైలటైతే తీసుకెళ్లేవాడు అని మాత్రం అసలనకండి. కారు పిలిపించుకోండి. సభ మూడు గంటలు ఆలస్యమవుతుంది, జనం కాసేపు తిట్టుకుంటారు.